ఛాతీ గోడ కణితుల శస్త్రచికిత్స

గుండెనూ ఊపిరితిత్తులనూ చుట్టి ఉన్న ఎముకలు, మృదులాస్థులు, కండరాలు, వాటి మీది చర్మం, అన్నిటినీ కలిపి ఛాతీ గోడ అంటారు. ఈ గోడలోనే పుట్టేవి, పక్కనున్న రొమ్ము నుంచో ఊపిరితిత్తి నుంచో ఇందులోకి పాకేవి, ఎక్కడి నుంచో రక్తంలో కొట్టుకొచ్చి ఇక్కడి ఎముకలో పాతుకునేవి, మూడు రకాలూ ఛాతీ గోడ కణితుల కిందికే వస్తాయి. వీటిలో చాలావాటికి ప్రధాన చికిత్స కోసి తీసెయ్యడమే. అయితే మెడ మీదో తొడలోనో గడ్డ తీయడం వేరు, ఇక్కడ తీయడం వేరు. పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఒక్క నిమిషం కూడా ఆగకుండా కదిలే భాగమిది. అందులో నాలుగు ఎముకలు తగ్గితే ఊపిరాడే తీరే మారిపోతుంది. అందుకే ఇక్కడ సర్జన్ మీద రెండు బరువులుంటాయి: కణితిని చుట్టూ ఉన్న మంచి భాగంతో సహా తీయడం, తీశాక ఏర్పడిన ఖాళీని గట్టిగా మూసి ఊపిరి నిలపడం. మొదటి పని రెండోదానికి ఎప్పుడూ లొంగకూడదన్నది ఈ రంగంలో అనుభవం నేర్పిన నియమం. పూడ్చడం కష్టమవుతుందని కోతను కుదించిన చోట కణితి మళ్లీ మొలవడం సర్జన్లకు బాగా తెలిసిన సంగతే.

ఛాతీ గోడ నిర్మాణం, పని

పన్నెండు జతల పక్కటెముకలు వెనుక వెన్నుపూసల దగ్గర మొదలై, పక్కలకు వంగి ముందుకొస్తాయి. పై ఏడు జతలు వేటికవే మృదులాస్థి ద్వారా నేరుగా రొమ్ము ఎముకను చేరతాయి. ఎనిమిది, తొమ్మిది, పదో జతల మృదులాస్థులు తమ పైదానితో కలిసిపోతాయి. చివరి రెండు జతలు ముందువైపు దేనికీ అంటకుండా కండరాల్లోనే ఆగిపోతాయి. ఎముకకూ ఎముకకూ మధ్య మూడు పొరల కండరం ఉంటుంది. ప్రతి ఎముక కింది అంచు వెంటా ఒక సిర, ఒక ధమని, ఒక నరం నడుస్తాయి. లోపలివైపు ప్లూరా అనే పలుచని పొర, బయట పెద్ద పెద్ద కండరాలు, వీపున ఆ కండరాల మీద జారే రెక్క ఎముక.

ఊపిరి పీల్చినప్పుడు కింది పక్కటెముకలు బకెట్ పిడి లేచినట్టు పక్కలకు లేస్తాయి. పైవి రొమ్ము ఎముకను ముందుకు నెడతాయి. డయాఫ్రమ్ కిందికి దిగుతుంది. ఛాతీలో చోటు పెరిగి గాలి లోపలికొస్తుంది. ప్లూరా సందులో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే మామూలుగా 5 సెంటీమీటర్ల నీటి మట్టం మేర తక్కువగా ఉంటుంది. పీల్చినప్పుడు ఆ తేడా ఏడున్నర దాకా పెరుగుతుంది. లోపలికి లాగే ఈ శక్తికి ఎదురు నిలిచేది ఎముకల గూడే.

ముందు భాగంలో నాలుగైదు ఎముకలు తీసి పైన చర్మం మాత్రం కప్పి వదిలేస్తే ఏమవుతుంది? పీల్చిన ప్రతిసారీ ఆ చోటు లోపలికి గుంటపడుతుంది, వదిలినప్పుడు బయటికి ఉబ్బుతుంది. దీన్ని విరుద్ధ శ్వాస అంటారు. రోడ్డు ప్రమాదాల్లో పక్కటెముకలు వరసగా రెండేసి చోట్ల విరిగిన వాళ్లలో కనిపించేదీ ఇదే. ఇలాంటి రోగి ఊపిరి కోసం చాలా శ్రమపడతాడు, గట్టిగా దగ్గలేడు. దగ్గలేకపోతే కఫం పేరుకుంటుంది, కఫం పేరుకుంటే న్యుమోనియా వస్తుంది. ఛాతీ గోడ ఆపరేషన్ తర్వాత ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువసార్లు ఈ వరసే. గాయం, రక్తస్రావం దాని తర్వాతే.

కణితుల్లో రకాలు

ఛాతీ గోడలోనే పుట్టే కణితులు అరుదు. ఛాతీలో వచ్చే మొత్తం కణితుల్లో వీటి వాటా నూటికి అయిదు లోపే. ఇలా పుట్టిన వాటిలో సగానికి పైగా క్యాన్సర్లే కావడం గమనించాలి. పక్కటెముకల్లో కనిపించే క్యాన్సర్లన్నిటినీ లెక్కేస్తే మాత్రం రొమ్ము, ఊపిరితిత్తి, ప్రొస్టేట్, కిడ్నీ, థైరాయిడ్ వంటి చోట్ల నుంచి వలస వచ్చినవే ఎక్కువ.

ప్రమాదం లేని ఎముక కణితుల్లో ఫైబ్రస్ డిస్‌ప్లేసియా, ఆస్టియోకాండ్రోమా ముఖ్యమైనవి. మొదటిదాంట్లో ఎముక స్థానంలో పీచు కణజాలం పెరుగుతుంది. చాలామందిలో వేరే పనికి తీసిన ఎక్స్‌రేలో బయటపడుతుంది, నొప్పి లేకపోతే దాని జోలికి పోనక్కర్లేదు. రెక్క ఎముక కింది కొసన, పెద్ద వయసు ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించే ఎలాస్టోఫైబ్రోమా కూడా అలాంటిదే. చెయ్యెత్తినప్పుడు ఉబ్బెత్తుగా కనిపించి భయపెడుతుంది తప్ప హాని చెయ్యదు.

డెస్మాయిడ్ మాత్రం విచిత్రమైనది. దూరాలకు పాకదు, కానీ ఉన్నచోట కండరాల్లోకి వేళ్లూనుకుంటూ పోతుంది, తీసినా మళ్లీ వస్తుంది. ఒకప్పుడు దొరకగానే పెద్ద కోత కోసేవారు. ఇప్పుడు కొంతకాలం ఊరికే గమనించడమే మొదటి మెట్టు, ఎందుకంటే కొన్ని వాటంతటవే పెరగడం ఆపేస్తాయి. మిగతావాటికి సొరాఫెనిబ్ వంటి మందులున్నాయి. 2023 నవంబరులో అమెరికాలో నిరోగసెస్టాట్ అనే మందుకు ఈ కణితి కోసమే అనుమతి లభించింది. ఛాతీ గోడ సర్జన్ చేతిలోంచి కత్తిని కాస్త పక్కన పెట్టించిన కణితి ఇది.

ఛాతీ గోడలోనే పుట్టే ఎముక క్యాన్సర్లలో మొదటి స్థానం కాండ్రోసార్కోమాది. ఇది మృదులాస్థి కణాల నుంచి, ఎక్కువగా ఛాతీ ముందు భాగంలో, పక్కటెముక మృదులాస్థితో కలిసే చోట మొదలవుతుంది. నడివయసులో ఎక్కువ. నెమ్మదిగా పెరిగే రాయిలాంటి గడ్డ కాబట్టి ఏళ్ల తరబడి పట్టించుకోని వాళ్లుంటారు. దీనికి కీమోథెరపీ పనిచెయ్యదు, రేడియేషన్‌కు అంతంత మాత్రమే లొంగుతుంది. నయం చేసేది మంచి అంచులతో చేసిన కోత ఒక్కటే. మరో చిక్కు: చిన్న బయాప్సీ ముక్కలో ప్రమాదం లేని మృదులాస్థి గడ్డకూ తక్కువ గ్రేడు కాండ్రోసార్కోమాకూ తేడా పట్టడం మైక్రోస్కోపు ముందు కూర్చున్న నిపుణులకు సైతం కష్టం. అందుకే పక్కటెముకలో పెరిగే మృదులాస్థి కణితిని, రిపోర్టు ఎంత ధైర్యం చెప్పినా, క్యాన్సర్‌గానే భావించి వెడల్పుగా తీసేస్తారు.

పిల్లల్లో, యువకుల్లో వచ్చేది యూయింగ్ సార్కోమా. జేమ్స్ యూయింగ్ 1921లో దీన్ని వర్ణించాడు. 1979లో ఆస్కిన్, అతని సహచరులు పిల్లల ఛాతీలో వర్ణించిన కణితి కూడా ఈ కుటుంబానిదే అని తర్వాత తేలింది. కాండ్రోసార్కోమాకు పూర్తిగా ఎదురు స్వభావం దీనిది. కీమోథెరపీకి కరిగిపోతుంది. కాబట్టి ముందు మందులు, గడ్డ చిక్కిపోయాక ఆపరేషన్, తర్వాత మళ్లీ మందులు, అవసరమైతే రేడియేషన్, ఇదీ వరస. ఆస్టియోసార్కోమాకూ ముందు కీమోథెరపీయే. అందులో వాడే మెథోట్రెక్సేట్ మందు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల ఫలం. ప్లాస్మా కణాల గడ్డ అయిన ప్లాస్మాసైటోమాకు రేడియేషన్ చాలు. అక్కడ సర్జన్ పని బయాప్సీతోనే ముగుస్తుంది. రొమ్ము ఎముకలో పుట్టిన గట్టి కణితిని మాత్రం, కాదని రుజువయ్యేదాకా, క్యాన్సర్ అనుకునే వెళ్లాలి.

రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న కొందరిలో ఏళ్ల తర్వాత అదే చోట కొత్త సార్కోమా (ఎముక, కండరం వంటి వాటిలో పుట్టే క్యాన్సర్) రావచ్చు, లేదా ఎముక, చర్మం కుళ్లి మానని పుండు పడవచ్చు. ఊపిరితిత్తి క్యాన్సర్ పక్కటెముకల్లోకి పాకితే ఆ ఎముకలతో సహా ఊపిరితిత్తి భాగాన్ని ఒకే ముక్కగా తీస్తారు.

మన దేశంలో ఈ జాబితాకు ఇంకొకటి చేర్చక తప్పదు: పక్కటెముక టీబీ. వేడి, ఎరుపు లేకుండా మెత్తగా ఉబ్బే చీముగడ్డ, కింద తిన్న ఎముక, సి.టి.లో అచ్చం కణితిలా కనిపించగలవు. దానికి కావలసింది నెలల తరబడి టీబీ మందులు. పెద్ద కోత అక్కర్లేదు.

రోగనిర్ధారణ

చాలామంది గడ్డ తగిలిందనే వస్తారు. ఎముక కణితులు తరచు నొప్పి పెడతాయి, ముఖ్యంగా రాత్రిపూట. కండరంలో పుట్టినవి నొప్పి లేకుండా పెరుగుతాయి. ఎన్నాళ్ల నుంచి ఉంది, ఎంత వేగంగా పెరిగింది, ఇదివరకు క్యాన్సర్ గానీ రేడియేషన్ గానీ ఉందా అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులే సగం దారి చూపిస్తాయి.

ఎక్స్‌రేతో మొదలైనా నిర్ణయాలన్నీ సి.టి. మీదే నడుస్తాయి. ఏ ఎముక ఎంత మేర పోయింది, గడ్డలో సున్నం ఎలా పేరుకుంది, ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న మచ్చలున్నాయా అన్నవి అందులో తెలుస్తాయి. కండరాల్లోకి, వెన్నుపాము వైపుకు, చేతి నరాల కట్ట వైపుకు పాకిందా అని చూడడానికి ఎమ్మారై కావాలి. ఒంట్లో ఇంకెక్కడైనా ఉందా అన్నదానికి పెట్ సి.టి. తీస్తారు.

ఆ తర్వాతి మెట్టు బయాప్సీ. చూడ్డానికి చిన్న పనే అయినా రోగి భవిష్యత్తును ఎక్కువగా చెడగొట్టేది కూడా ఇక్కడి తప్పే. సన్న సూదితో లాగిన కణాలు సార్కోమా నిర్ధారణకు సాధారణంగా చాలవు. లావు సూదితో సన్నని ముక్క తీయాలి. ఆ సూది గుచ్చిన దారిలో కణితి కణాలు చిందుతాయి కనుక, తర్వాత పెద్ద ఆపరేషన్‌లో ఆ దారిని కూడా కోసి తీసెయ్యాలి. అంటే సూది ఎక్కడ గుచ్చాలో నిర్ణయించాల్సింది రేపు ఆపరేషన్ చెయ్యబోయే సర్జనే. సూదితో తేలకపోతే చిన్న గాటు పెట్టి ముక్క తీస్తారు. ఆ గాటు కూడా రేపటి కోత గీత మీదే ఉండాలి. చర్మాన్ని, కండరాన్ని విడదీసి లోపల పెద్ద సందు చెయ్యకూడదు. రెండు సెంటీమీటర్ల లోపు గడ్డనైతే బయాప్సీగానే మొత్తం తీసేయవచ్చు.

కొవ్వు గడ్డ అనుకుని స్థానిక మత్తు ఇచ్చి అరగంటలో తీసి పంపిన గడ్డ, పదిరోజుల తర్వాత రిపోర్టులో సార్కోమాగా బయటపడడం క్యాన్సర్ ఆసుపత్రుల్లో కొత్త కాదు. అప్పుడు మచ్చ, రక్తం గడ్డకట్టిన చోటు, పెట్టిన డ్రెయిన్ రంధ్రం, అన్నీ కలుషితమైనట్టే లెక్క. మొదటే సరిగ్గా చేసి ఉంటే రెండు ఎముకలతో పోయేది, నాలుగు ఎముకలూ బోలెడు కండరమూ తీయాల్సి వస్తుంది.

చరిత్ర

పక్కటెముకల కణితిని తీసిన తొలి ఉదాహరణగా వైద్య చరిత్రకారులు 1778లో ఎయిమార్ చేసిన ఆపరేషన్‌ను చెబుతారు. కానీ ఛాతీ తెరిస్తే ఊపిరితిత్తి ముడుచుకుపోయి రోగి చనిపోతాడన్న భయం ఆ తర్వాత నూరేళ్లకు పైగా సర్జన్ల చేతులు కట్టేసింది. 1898లో న్యూ ఆర్లీన్స్ సర్జన్ పార్హమ్, ఛాతీ ఎముకల మీది కణితుల కోత గురించి వివరమైన వ్యాసం ప్రకటించాడు. ఆయన రోగుల్లో ఒకరికి ఆపరేషన్ మధ్యలో ఛాతీ తెరుచుకుంటే, అదే ఊరి సర్జన్ మటాస్ ప్రోత్సహించిన ఫెల్–ఓడ్వైర్ యంత్రంతో గాలి ఊది గట్టెక్కించారు. 1904లో బ్రెస్లావ్‌లో సావర్‌బ్రుక్ వేరే దారి పట్టాడు. రోగి తల బయట, ఒళ్లు లోపల ఉండేలా గాలి ఒత్తిడి తగ్గించిన గదిలో ఆపరేషన్ చేశాడు. సర్జన్లు కూడా ఆ గదిలోనే నిలబడాల్సి వచ్చేది. చివరికి నిలిచింది మొదటి దారే. శ్వాసనాళంలో గొట్టం వేసి గాలి నింపడం మామూలయ్యాకే ఛాతీ గోడ శస్త్రచికిత్స నిజంగా మొదలైందనాలి.

ఖాళీని పూడ్చడం విషయానికొస్తే, ఇటలీ సర్జన్ తాన్సినీ 1906లోనే వీపు కండరాన్ని ముందుకు తిప్పి రొమ్ము తీసిన చోట కప్పాడు. ఆ పద్ధతిని తర్వాత దశాబ్దాలపాటు అందరూ మరిచిపోయి 1970లలో మళ్లీ కనిపెట్టుకున్నారు. 1960లో గ్రాహమ్, అషర్ బృందం మార్లెక్స్ అనే ప్లాస్టిక్ వలను ఛాతీ గోడకు వాడిన ఫలితాలు వెలువరించింది. 1981లో న్యూయార్క్ మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రికి చెందిన మెక్‌కార్మాక్ బృందం రెండు వలల మధ్య ఎముక సిమెంటు పోసి గట్టి పలక తయారుచేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది.

ఎంత కోయాలి

ఈ ప్రశ్నకు ఇప్పటికీ అందరూ ఉదహరించేది 1986లో అమెరికాలోని మేయో క్లినిక్ వెలువరించిన అధ్యయనం. కణితి చుట్టూ 4 సెంటీమీటర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ మంచి భాగంతో తీసిన రోగుల్లో అయిదేళ్ల తర్వాత నూటికి 56 మందికి వ్యాధి తిరగబెట్టలేదు. 2 సెంటీమీటర్లతో సరిపెట్టిన వారిలో ఆ సంఖ్య 29 మాత్రమే. ఎక్కువ గ్రేడు సార్కోమాలకు 4 సెంటీమీటర్ల సూత్రం అప్పటి నుంచి స్థిరపడింది. తక్కువ గ్రేడు కణితులకు, వలస వచ్చిన వాటికి అంత అక్కర్లేదు. ఎముకలో కణితి మజ్జ వెంట కనిపించకుండా పాకుతుంది కాబట్టి దెబ్బతిన్న ఎముకను పొడుగునా చాలా దూరం తీసి, పైన ఒక మంచి ఎముక, కింద ఒక మంచి ఎముక నుంచి కూడా భాగం తీయడం మామూలు పద్ధతి. పైన కండరం అంటుకుని ఉంటే కండరం, లోపల ఊపిరితిత్తి అంటుకుని ఉంటే ఆ ముక్క, గుండె సంచి, డయాఫ్రమ్, ఏది అంటుకుంటే అది ఒకే ముద్దగా రావాలి. మధ్యలో విడదీసి చూద్దామనుకోవడం కణితిని చేజేతులా చిందించడమే.

ఆపరేషన్ బల్ల మీద ఇది ఎలా సాగుతుందో చూడాలి. ఆపరేషన్ వైపు ఊపిరితిత్తిని విడిగా ముడవగలిగే రెండు దారుల గొట్టాన్ని మత్తు డాక్టరు వేస్తాడు. పాత బయాప్సీ మచ్చను కోడిగుడ్డు ఆకారపు గాటుతో చుట్టి, ఆ చర్మాన్ని గడ్డ మీదే వదిలి, చుట్టూ చర్మం లేపుతారు. గడ్డకు దూరంగా, మంచి ఎముకల మధ్య సందులో ఛాతీ తెరిచి వేలు లోపలికి పోనిచ్చి తడుముతారు. బయట నిమ్మకాయంత కనిపించిన గడ్డ లోపల ఎంత మేర ఉందో అప్పుడు చేతికి తెలుస్తుంది. దాన్నిబట్టి గీతలు సరిచేసుకుని, ప్రతి ఎముక కిందా నడిచే రక్తనాళాలను కట్టి, ఎముక కత్తెరతో ఒక్కొక్కటీ తెగ్గోస్తారు. ముక్క బయటికి రాగానే పైవైపు ఏది, వెన్నువైపు ఏది అని దారాలతో గుర్తులు కడతారు. ఆ గుర్తులు లేకపోతే అంచు ఎక్కడ చాలలేదో పాథాలజిస్టు చెప్పలేడు. మెత్తటి భాగం అంచుల్ని అప్పటికప్పుడు గడ్డకట్టించి పరీక్షించవచ్చు గానీ ఎముక అంచుల్ని అలా చూడలేరు. ఎముకలోని సున్నం ఆమ్లంలో కరిగాకే అది పలుచని పొరగా తెగుతుంది, అందుకు రోజులు పడుతుంది. అందుకే బల్ల మీద సందేహం వస్తే ఇంకో సెంటీమీటరు ఎక్కువ తీసుకోవడమే మేలు.

గట్టిదనం ఎప్పుడు కావాలి

తీసిన ప్రతి ఎముకకూ బదులు పెట్టనవసరం లేదు. ఖాళీ 5 సెంటీమీటర్ల లోపుంటే, లేదా రెండు మూడు ఎముకలకు మించకపోతే, పైన కండరం కప్పితే చాలు. వీపు వైపు, రెక్క ఎముక చాటున ఉన్న ఖాళీ 10 సెంటీమీటర్ల దాకా ఉన్నా ఓర్చుకుంటుంది, అక్కడ రెక్క ఎముకే తలుపులా కాపాడుతుంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. వెనుక భాగంలో అయిదు, ఆరో ఎముకలు తీసినప్పుడు రెక్క ఎముక కింది కొస ఆ ఖాళీలోకి దిగి ఇరుక్కుంటుంది, చెయ్యి కదిలిస్తే ప్రాణం పోయేంత నొప్పి. కాబట్టి అక్కడ చిన్న ఖాళీ అయినా మూస్తారు, లేదా రెక్క ఎముక కొసను కాస్త కత్తిరిస్తారు. ముందు భాగంలో, పక్కన, రొమ్ము ఎముక దగ్గర పెద్ద ఖాళీకి మాత్రం గట్టి ఆసరా తప్పనిసరి అవుతుంది. గతంలో రేడియేషన్ తగిలిన ఛాతీ బిగుసుకుపోయి ఉంటుంది కనుక పెద్ద ఖాళీ అయినా అంతగా ఊగదు.

ఈ కొలతలు అనుభవంతో కట్టుకున్న కొండగుర్తులే. ఎమ్ఫిసీమా అనే ఊపిరితిత్తుల జబ్బుతో ఊపిరి అందని డెబ్భై ఏళ్ల మనిషికి మూడు ఎముకల ఖాళీ కూడా భారమే, ఇరవై ఏళ్ల కుర్రాడికి అది లెక్కలోకి రాదు. ఆపరేషన్‌కు ముందు ఊపిరితిత్తుల సత్తా పరీక్ష చేసేది అందుకే.

ఏ వస్తువుతో పూడ్చాలి

1983లో లె రూ, షామా అనే వైద్యులు కలిసి మంచి వస్తువుకు నాలుగు లక్షణాలు చెప్పారు: ఊగకుండా నిలిచే గట్టిదనం, ఒంటికి పడడం, వంచితే ఛాతీ ఆకారానికి వంగడం, ఎక్స్‌రేకు అడ్డు రాకపోవడం. చివరిది చాలామంది మరిచిపోతారు గానీ, కణితి మళ్లీ వస్తే కనిపించాలి కదా. నాలుగూ పూర్తిగా ఉన్న వస్తువు ఇప్పటికీ లేదు.

అన్నిటికంటే సులువైనది వల. పాలిప్రొపిలీన్ వలను డప్పు చర్మంలా బిగించి చుట్టూ ఉన్న ఎముకలకు కుడతారు. దాని కన్నాల్లోంచి కణజాలం పెరిగి కలిసిపోతుంది. రెండు మిల్లీమీటర్ల మందంలో దొరికే పి.టి.ఎఫ్.ఇ. పలక నీరు, గాలి దాటనివ్వదు. ఊపిరితిత్తి మొత్తం తీసినప్పుడు ఇది అక్కరకొస్తుంది. మేయో క్లినిక్‌లో 197 మంది రోగుల మీద ఈ రెంటినీ పోల్చి 1999లో వెలువరించిన ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. సర్జన్ చేతికి ఏది అలవాటైతే అది వాడడంలో తప్పులేదు.

వల ఎంత బిగించినా గుండ్రటి ఛాతీ ఆకారం ఇవ్వలేదు, బల్లపరుపుగా ఉంటుంది. పెద్ద ఖాళీలకు ఎముక సిమెంటు అందుకే వచ్చింది. కీళ్ల మార్పిడిలో వాడే మిథైల్ మెథాక్రిలేట్ ఇదే. ఖాళీ మీద గుడ్డ పరిచి ఆకారం గీసుకుని, వల ముక్కను పక్క బల్ల మీద పరుస్తారు. పొడిని ద్రవంతో కలిపితే ఘాటైన వాసనతో ముద్దవుతుంది. ఆ ముద్దను వల అంచులు ఒకటి రెండు సెంటీమీటర్లు వదిలి మధ్యలో పలుచగా పులిమి, పైన ఇంకో వల వేసి, ఛాతీ వంపుకు తగ్గట్టు వంచి పట్టుకుంటారు. నిమిషాల్లో గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు పుట్టే వేడి 70 డిగ్రీలు దాటవచ్చు కనుక ఊపిరితిత్తి మీద పెట్టి ఈ పని చెయ్యరు, బయటే ఆరనిచ్చి చల్లారాక తెచ్చి అంచుల్ని కుడతారు. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, కావలసిన ఆకారం వస్తుంది. లోపాలు కూడా ఉన్నాయి: పగలవచ్చు, కింద నీరు చేరవచ్చు, చీము పడితే మొత్తం తీసెయ్యక తప్పదు. అప్పటికి కొన్ని వారాలు గడిచి ఉంటే కింద గట్టిపడిన మచ్చ పొరే ఛాతీని నిలబెడుతుంది.

టైటానియం కడ్డీలు, పలకలు మూడో దారి. తెగిన పక్కటెముక రెండు కొసల్నీ కలుపుతూ ఎముకకు బదులు ఎముక అన్నట్టు వీటిని స్క్రూలతో గానీ పట్టీలతో గానీ బిగిస్తారు. తేలిక, ఎమ్మారైకి అడ్డు కాదు, ఛాతీ గుండ్రంగా నిలుస్తుంది. కానీ ఛాతీ విశ్రాంతి ఎరగని చోటు. ఏళ్ల తరబడి వంగి వంగి కడ్డీలు విరిగిన, స్క్రూలు ఊడిన సంఘటనలు వైద్య పత్రికల్లో చాలానే ఉన్నాయి. ఖరీదు సంగతి సరేసరి. రోగి సొంత ఎముకను, లేదా దాతల నుంచి సేకరించి గడ్డకట్టించి దాచిన రొమ్ము ఎముకను అమర్చే పద్ధతి ఇటలీలోని పాడువాలో బాగా అభివృద్ధి చెందింది. మంచి ఎముక బ్యాంకు ఉన్నచోటే అది వీలవుతుంది.

2015లో స్పెయిన్‌లోని సలమాంకాలో 54 ఏళ్ల సార్కోమా రోగికి రొమ్ము ఎముకనూ పక్కటెముకల భాగాలనూ కలిపి త్రీడీ ముద్రణతో చేసిన టైటానియం గూడు అమర్చారు. సి.టి. చిత్రాల కొలతలతో ఆస్ట్రేలియాలోని అనటామిక్స్ కంపెనీ దాన్ని రూపొందించగా, అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ ప్రయోగశాలలో ముద్రించారు. తర్వాత మరికొన్ని దేశాల్లో ఇలాంటివి చేశారు. పత్రికల్లో ఇవే ఎక్కువ కనిపిస్తాయి గానీ, నూటికి తొంభై మంది రోగుల అవసరం వల, సిమెంటు, మంచి కండరంతో తీరిపోతుందని నా అంచనా.

పైన కప్పు

కృత్రిమ వస్తువు ఎంత గొప్పదైనా దాని మీద ప్రాణమున్న, రక్తం పారే కండరం లేకపోతే నిలవదు. రోజూ అక్కరకొచ్చేది వీపున ఉండే లాటిసిమస్ డార్సీ. చంకలోంచి వచ్చే రక్తనాళం మీద తిప్పి ఛాతీ ముందు, పక్క, వెనుక ఎక్కడికైనా తేవచ్చు. పై భాగానికి పెక్టొరాలిస్ మేజర్, కింది భాగానికి పొట్ట కండరం రెక్టస్ అబ్డామినిస్ వాడతారు. చీము పట్టి, రేడియేషన్‌తో మాడిన గాయాల్లో ఏ కండరమూ పనికిరానప్పుడు పొట్టలోని ఒమెంటమ్ అనే కొవ్వు పొరను పైకి లాగి కప్పి, దాని మీద చర్మం అతుకుతారు. అది ఎంత పాడైన చోటయినా అతుక్కుని మానుతుంది. చీమున్న చోట వల, సిమెంటు పెట్టకూడదు. ఈ భాగంలో ప్లాస్టిక్ సర్జన్ సాయం ఉండాల్సిందే. ముందే ఇద్దరూ కలిసి గీతలు గీసుకోకపోతే, కోతలోనే అక్కరకొచ్చే కండరపు రక్తనాళం తెగిపోవచ్చు.

పిల్లల్లో మరో లెక్క ఉంది. బిగించిన కడ్డీ పెరగదు, పిల్లవాడు పెరుగుతాడు. ఎక్కువ ఎముకలు, అందులోనూ వెన్ను దగ్గరివి తీసిన పిల్లల్లో ఎదిగే కొద్దీ వెన్ను పక్కకు వంగుతుంది. దానికి రేడియేషన్ తోడైతే మరీనూ. కాబట్టి వీలైనంత మెత్తటి వస్తువు వాడి, ఎదుగుదల పూర్తయ్యేదాకా ఏటా వెన్ను చూపించుకోవాలి.

ఆపరేషన్ తర్వాత

మొదటి వారం కోలుకోవడమంతా నొప్పి అదుపు మీదే ఆధారపడి ఉంటుంది. నొప్పి తగ్గితే రోగి గట్టిగా ఊపిరి తీస్తాడు, దగ్గుతాడు, లేచి కూర్చుంటాడు. వెన్నులో సన్న గొట్టం ద్వారా ఇచ్చే మత్తు, బంతులు పైకి లేపే ఊపిరి పరికరం, మర్నాడే నడిపించడం, ఇవన్నీ అందుకే. ఛాతీలో గాలి, నీరు బయటికి పోవడానికి పెట్టిన గొట్టాన్ని ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకున్నాక తీస్తారు. స్లోన్ కెటరింగ్ ఆసుపత్రి 262 మంది రోగుల అనుభవాన్ని 2006లో వెలువరించింది. మూడోవంతు మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది, నూటికి 3.8 మంది చనిపోయారు. ఊపిరి చాలక యంత్రం మీదికి వెళ్లినవారు నూటికి మూడు మాత్రమే. గట్టి పలకలు రాకముందు ఇలాంటి ఆపరేషన్లలో ఊపిరి ఇబ్బందే పెద్ద గండం.

సార్కోమా రోగులు తర్వాత ఏళ్లపాటు సి.టి. తీయించుకుంటూ ఉండాలి, ఎందుకంటే అది తిరగబెడితే ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే కనిపిస్తుంది. ఒకటి రెండు మచ్చలే ఉంటే వాటినీ కోసి తీయవచ్చు.

తెలుగు నేల మీద

ఇలాంటి ఆపరేషన్‌కు క్యాన్సర్ సర్జన్, ఛాతీ సర్జన్, ప్లాస్టిక్ సర్జన్, అనుభవమున్న మత్తు డాక్టరు, సార్కోమా చూడడం తెలిసిన పాథాలజిస్టు ఒక్కచోట ఉండాలి. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ సంస్థ, నిమ్స్, బసవతారకం ఆసుపత్రి, విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్లకు రోగులు ఇందుకే చేరతారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో క్యాన్సర్ ఆపరేషన్లకు చోటివ్వడంతో చాలా కుటుంబాలు భూమి అమ్ముకోకుండా ఈ చికిత్స చేయించుకోగలిగాయి. ఖరీదైన టైటానియం ఇంకా అందరికీ అందే వస్తువు కాదు. అది లేనంత మాత్రాన చికిత్స తక్కువదైపోదని మాత్రం రోగి బంధువులు తెలుసుకోవాలి.

పక్కటెముక మీదో రొమ్ము ఎముక మీదో గట్టిగా, కదలకుండా, నెలనెలా పెరిగే గడ్డ ఉంటే సి.టి., బయాప్సీ లేకుండా ఎవరి చేతా కోయించుకోవద్దు. ఇప్పటికే కోయించుకుని ఉంటే, ఆ రిపోర్టును, పాత స్కాన్లను, ప్రయోగశాల దగ్గరుండే మైనపు బ్లాకులను, గాజు స్లైడులను అడిగి తీసుకుని పెద్దాసుపత్రికి వెంట తీసుకెళ్లండి. చికిత్స ఎక్కడ మొదలు కావాలో డాక్టర్లు తేల్చేది వాటిని చూశాకే.